వాలుగీత

ఆ వేసవంతా ఐజాక్ డార్గ్ వంటింటి బల్ల మీద గొర్రెల మందు సీసాలు పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. బల్ల నిండా మనవరాలి పరీక్ష కాగితాలే. ఆయన తన సీసాల్ని కిటికీ గూట్లోకి మార్చాడు, టోపీని తలుపు వెనక్కి మార్చాడు, చివరికి తానే ఆ బల్ల దగ్గర ఒక కుర్చీకి అతుక్కుపోయాడు.

మనవరాలి పేరు బ్రయనీ. పదేళ్ళు నిండాయి. సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున టౌనులో గ్రామర్ స్కూలు వాళ్ళు పెట్టే ఎంట్రన్సు పరీక్ష రాయాలి. నెగ్గితే పై ఏడాది నుంచి అక్కడ చదువు. నెగ్గకపోతే లోయలో పిల్లలందరూ వెళ్ళే బడి ఉండనే ఉంది. బస్సు గేటు దగ్గరే ఆగుతుంది. ఆ బడికి వంక పెట్టడానికేమీ లేదు. ఈ సంగతి ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు తలా ఒకసారి చెప్పారు. బ్రయనీ అందరి మాటా విని, తలూపి, నాకు గ్రామర్ స్కూలే కావాలి అంది.

దానికి కారణం ఒక వంతెన. జూన్‌లో స్కూలు చూడ్డానికి రమ్మని అందర్నీ పిలిచిన రోజున, ఒక గదిలో పెద్ద తరగతి అమ్మాయిలు సన్న చెక్కపుల్లలతో వంతెన కట్టి, దానికి బరువులు వేలాడదీస్తున్నారు. అది విరిగింది. చూడ్డానికొచ్చిన పిల్లలు నవ్వి ముందుకెళ్ళిపోయారు. బ్రయనీ అక్కడే నిలబడి, ఇన్ని పుల్లలుండగా ఆ పుల్లే ఎందుకు విరిగిందని అడిగింది. ఒక అమ్మాయి చెప్పబోయి ఆగి, మేమూ అదే తెలుసుకోవాలనుకుంటున్నాం, నువ్వొచ్చాక కలిసి చూద్దాం అంది. తిరిగొచ్చేసరికి ఇంటి గేటు దగ్గర బ్రయనీ జీపు దిగి గొలుసు తీస్తూ, నన్ను రమ్మన్నారు తాతా అంది.

తల్లి లోర్నా టౌను ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీలు ఏ పూటకి ఎలా పడతాయో ఆమెకే తెలీదు. తండ్రి స్కాట్లండులో ఉంటాడు, ఆ పేరు ఆ ఇంట్లో పెద్దగా రాదు. అందుకని కాగితాల పని ఐజాక్ మీద పడింది. నువ్వేమీ నేర్పక్కర్లేదు నాన్నా, గడియారం చూడు, జవాబులు సరిచూడు, అంతే చాలని లోర్నా చెప్పింది. ఆయన కాలంలో ఆ పరీక్ష లోయలో ఉన్న రెండు గదుల బళ్ళోనే, ఎవరికీ చెప్పకుండా ఒక పొద్దున పెట్టేశారు. కిటికీలోంచి వడగళ్ళు పడటం చూశాడు. ఆ పరీక్ష గురించి ఆయనకు గుర్తున్నది అంతే.

మాటల పేపరు బ్రయనీకి నల్లేరు మీద బండిలా సాగిపోయింది. లెక్కల పేపరులో తప్పులు వచ్చేవి కానీ, అవి తొందరపాటు తప్పులు. చిక్కంతా మూడోదానితో వచ్చింది. అది బొమ్మల పేపరు. ఒక్కో ప్రశ్నలో అయిదు బొమ్మలు వరసగా ఉంటాయి. గీతలు, చుక్కలు, కొక్కేలు. వాటిలో ఒకటి మిగతావాటితో కలవదు, అదేదో చెప్పాలి. చివరి పేజీలో జవాబులుంటాయి.

మొదటి రోజు ఐజాక్ సరిచూస్తే పిల్ల రాసినవాటిలో సగం పైన తప్పని తేలింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని తనే ఒక ప్రశ్న చూశాడు. ఒక కర్ర, దాని ఒక కొస పక్కన చుక్క. రెండో బొమ్మలో కర్ర పడుకుంది, చుక్క పైకొచ్చింది. మూడోదాంట్లో కర్ర వాలింది. ఆయన అయిదింటినీ ఒక్కొక్కటే వేలుపెట్టి చూశాడు.

"ఇందులో కలిసినవి ఎక్కడున్నాయే? అయిదూ అయిదు ఇళ్ళవి."

"నేనూ అదే అనుకున్నా తాతా. మూడోది వేరు అని పుస్తకం అంటోంది."

"మూడోదానికి అంత ప్రత్యేకం ఏముంది?"

ఇద్దరూ కాసేపు కాగితాన్ని చూశారు. అచ్చుతప్పు అయ్యుంటుందని తీర్మానించారు. తర్వాతి పేపరులోనూ అలాగే ఉంది. ఆ వారంలోనే పక్క పొలం డెరెక్ బర్కెట్ పొట్టేలు సంగతి మాట్లాడటానికి వచ్చి టీ తాగుతూ ఉంటే, ఐజాక్ ఏమీ చెప్పకుండా పుస్తకం అతని ముందుకు జరిపాడు. డెరెక్ కప్పు పక్కన పెట్టి, చాలాసేపు చూసి, వీటిలో రెండు కలిసినవి నాకెక్కడా కనిపించడం లేదన్నాడు. ఎవడో గొర్రె మొహం ఎరగనివాడు వేసిన పుస్తకంరా ఇది, డబ్బులు వాపసు అడుగు అని కూడా అన్నాడు. అలా ముగ్గురూ కలిసి పుస్తకాన్ని ఫెయిలు చేశారు.

అయినా ఐజాక్ మనసు ఊరుకోలేదు. అచ్చేసినవాడు ఒకసారి తప్పుతాడు, రెండుసార్లు తప్పుతాడు, ప్రతి పేజీలోనూ ఒకే రకంగా తప్పడు. జులైలో, వేసవి సెలవులు మొదలయ్యే ముందు రోజుల్లో ఆయన పుస్తకాన్ని కోటు లోపల పెట్టుకుని బడికి వెళ్ళి, పిల్ల టీచరు మిసెస్ ఫాసెట్‌ని కలిశాడు. ఈ పుస్తకంలో తప్పులున్నాయి టీచరమ్మా అన్నాడు.

ఆమె చూసి, నవ్వకుండా, ఒక పల్చటి కాగితం మీద అదే కర్రా చుక్కా గీసి కత్తిరించింది. ఆ ముక్కని బల్ల మీద పెట్టి వేలితో తిప్పింది. మొదటి బొమ్మ అయింది. ఇంకాస్త తిప్పింది. రెండోది అయింది. నాలుగోది, అయిదోది అయ్యాయి. మూడోది మాత్రం ఎంత తిప్పినా కాలేదు. ముక్కని ఎత్తి బోర్లిస్తే అప్పుడయింది. తిప్పితే అదే బొమ్మ, బోర్లిస్తేనే వేరే బొమ్మ, ఈ పేపరులో నియమం అదేనండీ అంది.

ఐజాక్ ఆ ముక్కను చూస్తూ ఉండిపోయాడు.

"తిప్పేస్తే అది ఇంకొకడిదైపోతుంది కదా టీచరమ్మా."

"ఇంకొకరిదంటే?"

ఆయనకు ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. కానీ అడిగింది కాబట్టి చెప్పాడు. మా కొండకి కంచె లేదు, అన్ని ఇళ్ళ గొర్రెలూ ఒకే కొండ మీద మేస్తాయి, ఎవరివేవో రంగు గుర్తుని బట్టే తెలుస్తుందన్నాడు. మాదీ బర్కెట్ వాళ్ళదీ ఒకప్పుడు ఒకే ఇల్లు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు గుర్తు కూడా పంచుకున్నారు. ఇద్దరిదీ ఎరుపే, ఇద్దరిదీ ఎడమ డొక్క మీద ఒక్క గీతే. మా గీత పై కొస తల వైపు వాలుతుంది, వాళ్ళ గీత పై కొస తోక వైపు వాలుతుంది. అంతే తేడా. ఆ వాలు చూడకుండా గీతని ఇష్టమొచ్చినట్టు తిప్పుకుంటామంటే కొండ మీద ఎవరి గొర్రె ఎవరిదో చెప్పేదెవరు?

మిసెస్ ఫాసెట్ ఊళ్ళోకి వచ్చి చాలా ఏళ్ళయినా ఈ సంగతి ఎప్పుడూ వినలేదు. కొంచెంసేపు కిటికీలోంచి కొండ వైపు చూసింది. తర్వాత మెల్లగా, ఈ కాగితంలో బొమ్మలు ఎవరివీ కావు ఐజాక్ గారూ, వాటికి తలా తోకా లేవు, అందుకే ఎటు తిప్పినా ఒకటే అంది. కత్తిరించిన ముక్కని ఆయన చేతిలో పెట్టింది.

ఇంటికి నడిచొస్తుంటే దారి పొడవునా ఆయనకు ఒకటే ఆలోచన. ఇది పుస్తకం తప్పు కాదు, పిల్ల తప్పూ కాదు. దానికి మూడేళ్ళు నిండకముందే దొడ్డి గేటు మీద కూర్చోబెట్టి గుర్తులు చదివించింది తను. దారిలో ఒక్కొక్కటే పరిగెత్తే గొర్రెను చూసి, మనది, బర్కెట్‌ది, బ్లాండ్ వాళ్ళది అని ఆ పిల్ల కేకేస్తుంటే పెద్ద పెద్ద కాపరులు కూడా ఆగి చూసేవారు. తప్పిపోయిన గొర్రెల్ని ఎవరివి వాళ్ళకి అప్పజెప్పుకునే కూడికలో దాన్ని పీపా మీద నిలబెట్టి పందేలు కట్టేవారు. కళ్ళు మూసుకుని తెరిచేలోపు చెప్పేది. ఆ కన్ను తనిచ్చిందని ఆయన లోపల్లోపల ఎంత మురిసిపోయాడో బయటికి ఒక్కనాడు చెప్పింది లేదు. ఇప్పుడా కన్నే ఆ పిల్లకి గ్రామర్ స్కూలు గుమ్మంలో అడ్డం నిలబడింది.

ఆ రోజు నుంచి విరుగుడు మొదలుపెట్టాడు. అట్టముక్కలు కత్తిరించాడు. చెంచాలు తిప్పాడు, పళ్ళాలు తిప్పాడు. బ్రయనీ ఓపిగ్గా చూసి, తెలిసింది తాతా అనేది. చెప్పి చేయిస్తే అన్నీ సరిగ్గా చేసేది. గడియారం పెడితే మళ్ళీ మొదటికొచ్చేది. వరసలో రెండు పేపర్లు అలా పోయాక పిల్ల పెన్సిలు కింద పెట్టేసింది.

"చెప్తే అర్థమవుతోంది తాతా. కానీ నేను ఆలోచించేలోపే కన్ను చెప్పేస్తోంది. ఇది ఒకళ్ళది, అది ఇంకొకళ్ళది అని. దాన్ని ఆపడం నావల్ల కావట్లేదు."

ఐజాక్ లేచి పొయ్యిలో కట్టె సర్దాడు. గొర్రెల్ని చూస్తున్నకొద్దీ ఆ కన్ను గట్టిపడుతుంది, కొన్నాళ్ళు దూరంగా ఉంచితే మెత్తబడుతుందేమోనని ఆయనకు తోచింది. కుక్కకి తప్పుడు అలవాటు పడితే కొన్నాళ్ళు కట్టేసి ఉంచడం ఆయనకు తెలుసు. ఉన్ని కత్తిరించే రోజు వచ్చినప్పుడు, బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లతో, ఇవాళ నువ్వు కాగితాల దగ్గరే ఉండు అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక బ్రయనీ కత్తిరింపుకి రాని రోజు అదొక్కటే. ఎదురు చెప్పలేదు. వంగి బూటు తాళ్ళు విప్పుకుంది. కత్తిరించిన ప్రతి గొర్రె మీదా కొత్త ఎర్రగీత వేస్తూ ఐజాక్ ఆ రోజంతా ఇంటి వైపు చూడకుండా గడిపాడు. మనవరాలేది, బడి దొరసాని అయిపోయిందా అని డెరెక్ గేటు మీంచి కేకేశాడు. ఐజాక్ రంగు డబ్బా వైపు వంగిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిల్ల రెండు పేపర్లు చేసి పెట్టింది. గడియారం తనే పెట్టుకుంది. అంతకుముందుకన్నా ఎక్కువ తప్పులు వచ్చాయి. ఇప్పుడు కన్ను చెప్పేది నమ్మడం లేదు, బుర్ర చెప్పేది అందడం లేదు. రెంటికీ చెడింది.

ఆగస్టు అలాగే నడిచింది. లోర్నా ఒక పూట తండ్రిని పక్కకి పిలిచి, పిల్ల నిద్రలో కూడా పెదాలు కదుపుతోంది, ఇంక ఆపేద్దామా అని అడిగింది. మానేస్తానని అది చెప్పిందా అని ఆయన అడిగాడు. చెప్పలేదంది. అయితే మనం చెప్పకూడదన్నాడు.

ఆ నెలాఖరున వాన రాత్రంతా కురిసి పొద్దున్నే వెలిసింది. ఐజాక్ కొండకి బయల్దేరుతూ బల్ల దగ్గర ముడుచుకుని కూర్చున్న పిల్లని చూశాడు. కాగితాలు కట్టిపెట్టు, నాతో రా అన్నాడు. బ్రయనీ నిజమేనా అన్నట్టు చూసి, ఆయన మనసు మార్చుకునేలోపు బూట్లు వేసుకుంది. కుక్క జిప్ ముందు, పిల్ల వెనక, ఆయన అందరికన్నా వెనక.

రాతిగోడలు దాటి, ఫెర్న్ పొదలు దాటి, వాగు గట్టు మీదకు చేరేసరికి ఎండ వచ్చింది. తడిసిన కొండంతా ఆవిరి కక్కుతోంది. ఐజాక్ మోకాళ్ళ మీద చేతులానించి ఊపిరి తీసుకుంటున్నాడు. బ్రయనీ అవతలి గట్టు వైపు చెయ్యి చాపింది.

"అదుగో, తిరగబడింది. బర్కెట్ వాళ్ళది."

ఆయన చూశాడు. ఆయనకు కనిపించింది ఒక తెల్లటి బండ, దాని మీద వాలబోతున్న కాకులు. బండకి కాళ్ళున్నాయని రెండోసారి చూస్తే గానీ తెలియలేదు. గొర్రె వెల్లకిలా పడింది. కత్తిరింపుకి దొరక్కుండా కొండ మీదే ఉండిపోయిన గొర్రె అయ్యుంటుంది. ఒంటినిండా ఉన్ని, ఆ ఉన్ని నిండా రాత్రి వాననీళ్ళు. గోతిలోకి ఒరిగిందంటే అలాంటిది తనంతట తాను లేవలేదు. కాకులు కళ్ళతో మొదలుపెడతాయి.

పిల్ల అప్పటికే వాగులో ఉంది. జిప్ కాకుల్ని లేపింది. ఐజాక్ రాళ్ళ మీదుగా అడుగులేసుకుంటూ వెనకే చేరాడు. గొర్రె బతికే ఉంది. పొట్ట ఉబ్బి, కాళ్ళు ఆకాశంలోకి తన్నుకుంటూ, తల ఫెర్న్ మొదట్లో ఇరుక్కుని. ఆయన దాని ఎడమ డొక్క మీది ఎర్రగీత చూశాడు. రెండు బారల దూరంలోంచి, పట్టపగలు, డెబ్భై ఏళ్ళు అదే గీతను చూసిన కళ్ళతో చూశాడు. పైన ఉన్న కొస తల వైపు వాలింది.

"మనదేనే."

"కాదు తాతా, బర్కెట్ వాళ్ళది" అంది బ్రయనీ ఉన్ని పట్టుకుంటూ.

వాదించడానికి వేళ కాదు. ఇద్దరూ చెరో పక్కా పట్టి దొర్లించి నిలబెట్టారు. తడిసిన గొర్రె రాయిలా బరువుంది. నిలబెట్టగానే వదిలేస్తే మళ్ళీ పడిపోతుంది, కాళ్ళలోకి రక్తం దిగాలి. ఐజాక్ దాన్ని తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పట్టుకుని, అప్పుడు వంగి మళ్ళీ గీత చూశాడు.

పై కొస తోక వైపు ఉంది. చెవి ఎత్తి చూశాడు. పిల్లప్పుడే చెవికి పెట్టే గంటు కూడా బర్కెట్ వాళ్ళదే.

తను తప్పు చదివాడు. తిరగబడిన గొర్రె మీద గీత కూడా తిరగబడుతుంది, కింది కొస పైకొస్తుంది, ఆ సంగతి ఆయన కన్నుకి తట్టలేదు. అన్నేళ్ళలో అలా పడ్డ గొర్రెల్ని ఎన్నిటినో లేపాడు, లేపాకే చదివాడు. ఈ పిల్ల వాగు అవతల నుంచి, పడున్నదాన్ని పడున్నట్టే చదివేసింది.

"తలకిందులుగా ఉందిగా. నీకెలా తెలిసింది?"

బ్రయనీ తేలిగ్గా జవాబు చెప్పబోయింది. నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. గొర్రె డొక్క మీది గీతను చూసింది. అది పడున్న గోతిని చూసింది. మెల్లగా గడ్డిలో కూర్చుంది, తడి అని కూడా చూసుకోలేదు.

"నేను దాన్ని లేపాను తాతా. తలలోనే. అక్కడి నుంచే లేపేశాను."

ఐజాక్ గొర్రెను పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆ పిల్ల మొహంలో ఏదో జరుగుతోంది. ఏం జరుగుతోందో ఆయనకు తెలీదు కానీ, దాని మధ్యలోకి మాట పోనివ్వకూడదని మాత్రం తెలుసు. గొర్రె ఈనేటప్పుడు కొట్టంలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. కాకులు దూరంగా గోడ మీద కూర్చున్నాయి. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆ కాగితంలో బొమ్మలు అయిదు ఇళ్ళవి కావు" అంది చివరికి. "ఒక్క గొర్రే. ఒకచోట నిలబడింది, ఒకచోట పడుకుంది, ఒకచోట తిరగబడింది. లేపి చూస్తే ఒకటే. మూడోదాన్ని మాత్రం ఎంత లేపినా అవతలి డొక్కే కనిపిస్తుంది."

మిసెస్ ఫాసెట్ బల్ల మీద వేలితో తిప్పి చూపించినది అదే. తను అట్టముక్కలతో, పళ్ళాలతో నెలరోజులు తంటాలుపడ్డదీ అదే. కానీ వాళ్ళిద్దరూ చేతులతో చేశారు. ఈ పిల్ల తడిగడ్డిలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని చేస్తోంది. కన్నుని ఆపాలని అనుకున్నాడు తను. దాన్ని ఆపాల్సిన పనే లేదు. అది తను చూపించినచోట ఆగకుండా ఇంకా ముందుకి వెళ్ళిపోయింది, అంతే.

గొర్రె కాళ్ళు వణకడం మానేశాయి. ఐజాక్ మోకాళ్ళు సడలించాడు. అది నాలుగడుగులు తూలి, నిలదొక్కుకుని, ఏమీ జరగనట్టు గడ్డి కొరికింది.

కిందికి దిగుతున్నంతసేపూ బ్రయనీ ఒక్కోచోట ఆగుతూ వచ్చింది. ఒక బండ దగ్గర ఆగింది. కూలిన పాత కొట్టం దగ్గర ఆగింది. ఏం చేస్తున్నావని అడిగితే, తిప్పుతున్నాను అంది. ఇల్లు కనిపించే మలుపులో బాగా ఎక్కువసేపు నిలబడింది. ఎదురుగా లోయకి ఆ పక్కన బర్కెట్ వాళ్ళ ఇల్లు, దాని పొగగొట్టం.

"ఆ పొగగొట్టం మీద నిలబడితే మన ఇంటి తలుపు కనపడదు తాతా. మన కొట్టం అడ్డమొస్తుంది. కొట్టం చూరు మీంచి మన పొగగొట్టం ఒక్కటే పైకి కనిపిస్తుంది. దాని పక్క చెట్టుకి కొంచెం దూరంగా, కుడి వైపున."

కుర్రతనంలో ఒక తుఫాను తర్వాత ఐజాక్ బర్కెట్ వాళ్ళ ఇంటికప్పు పలకలు సర్దడానికి ఆ పొగగొట్టం పక్కదాకా ఎక్కాడు. తన ఇంటిని అక్కడి నుంచి చూసి, మా తలుపేదని వెతుక్కున్నాడు. కొట్టం చూరు మీద పొగగొట్టం ఒక్కటే మొలిచినట్టు కనిపించింది. అప్పటికి ఆ చెట్టు మొక్క. అదొక్కటే తేడా. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పేటంత సంగతేం కాదు. ఆ పిల్ల ఎక్కడమంటూ జరగలేదు, ఎవరూ ఎక్కనివ్వరు.

ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పిల్ల జవాబు కోసం చూడలేదు, జిప్ వెనక పరిగెత్తింది.

ఆ తర్వాత బొమ్మల పేపరు వేళ ఐజాక్ గడియారం వంక చూడటం మర్చిపోయేవాడు. పిల్ల కళ్ళనే చూసేవాడు. అవి బొమ్మ మీద ఒక్క క్షణం ఆగేవి, కాస్త పక్కకి జరిగేవి, నిలిచేవి, పెన్సిలు గీత గీసేది. ఆ జరిగిన కాస్తలోనే పని అయిపోయేది. తను కూడా నేర్చుకుందామని ఒక పూట పుస్తకం తీసుకుని కూర్చున్నాడు. చెమట పట్టింది గానీ బొమ్మ తిరగలేదు. ఆయనకి ఇప్పటికీ అవి అయిదు ఇళ్ళ గొర్రెలే. డెరెక్ వచ్చి, ఎంతవరకు వచ్చిందిరా నీ చదువు అంటే, బర్కెట్ వాళ్ళ గొర్రెల్ని కూడా మావే అని చదివేదాకా వచ్చిందన్నాడు. డెరెక్‌కి ఆ మాట అర్థం కాలేదు కానీ అనుమానం మాత్రం వచ్చింది.

పరీక్ష శనివారమే కొండ మీంచి మందలు దింపే రోజు కూడా పడింది. ఆ రోజు ప్రతి ఇంటి నుంచి ఒక మనిషీ కుక్కా వరసలో నిలబడి నడవాలి, ఒక్కరు తగ్గినా ఆ సందులోంచి గొర్రెలు జారిపోతాయి. ఐజాక్ తన వంతు ఎప్పుడూ తప్పలేదు. లోర్నాకి డ్యూటీ మారలేదు. ఆయన డెరెక్ దగ్గరికి వెళ్ళి, జిప్‌ని తీసుకెళ్ళు, నేను రావట్లేదన్నాడు. డెరెక్ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"నువ్వు లేకపోతే నీ గొర్రెలన్నిటికీ గీత మార్చేస్తాను, చూసుకో."

"మార్చుకో. తిప్పి చదివేవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు."

స్కూలు ముందు జీపులో కూర్చుని ఐజాక్ పొద్దంతా గడిపాడు. చుట్టూ కార్లలో తల్లిదండ్రులు ఫోన్లు చూసుకుంటున్నారు. పిల్లలు పెన్సిళ్ళు, నీళ్ళ సీసాలు పట్టుకుని ఆ పెద్ద తలుపులోంచి లోపలికి పోయారు. బ్రయనీ వెనక్కి చూడలేదు. ఆమె ఎటు వైపు కూర్చుందో, ఏ కిటికీ దగ్గరో అని చూశాడు గానీ గోడ గోడలానే ఉంది. తలుపు తెరుచుకుని పిల్లలు బయటికొచ్చినప్పుడు కొందరు ఏడుస్తున్నారు, కొందరు గంతులేస్తున్నారు. బ్రయనీ వచ్చి ఎక్కి, లెక్కల్లో ఒకటి వదిలేశాను తాతా, ఆకలేస్తోంది అంది. దారిలో ఆగి బేకన్ రొట్టె తిన్నారు. బొమ్మల గురించి ఆయన అడగలేదు. తింటూ తనే చెప్పింది, గొర్రెలు అన్నీ లేచాయని.

అక్టోబరు మధ్యలో ఫలితం లోర్నా ఫోనుకి వచ్చింది. ఆమె ఆసుపత్రి బట్టల్లోనే వంటింట్లో నిలబడి చదివింది. సీటు వచ్చింది. రెండోసారి గట్టిగా చదివి, చదువుతూనే ఏడ్చింది. బ్రయనీ తల్లిని నడుం చుట్టూ పట్టుకుని కొంచెంసేపు ఉండి, తర్వాత తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. ఐజాక్ కప్పులో మిగిలిన టీ తాగాడు. లోర్నా ముక్కు తుడుచుకుంటూ, నువ్వేమైనా అనవా నాన్నా అంది. బాగుంది అన్నాడు. ఆమెకి ఆ మాట చాలు, తను పుట్టినప్పటి నుంచీ ఆయన్ని ఎరుగును.

ఆయన బయటికొచ్చాడు. పిల్ల పెరటి రాతిగోడ ఎక్కి కూర్చుని ఉంది, మొహం కొండ వైపు. ఆయన పక్కన నిలబడి గోడ మీద మోచేతులు ఆనించాడు. కొండ ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. వాగు మడత, దాని పైన బోడి నెత్తి, కుడి వైపు జారిన రాళ్ళు. ఇదే కొండ, ఇదే ఒక్క మొహం, ఆయన తండ్రి చూసిందీ ఇదే.

ఏం చూస్తున్నావే అని అడిగాడు.

"పరీక్ష గది కిటికీ ఈ కొండ వైపే ఉంది. ఆ రోజు మబ్బు కమ్మేసింది. మబ్బు లేకపోతే ఎలా ఉంటుందా అని."

"ఎలా ఉంటుంది?"

ఆమె కళ్ళు కొంచెం పక్కకి జరిగాయి. ఇప్పుడు ఆయనకు ఆ కదలిక తెలుసు. ఇంత పెద్ద కొండ, రాళ్ళతో, వాగుతో, మందలతో, ఆ చిన్న నుదుటి వెనకెక్కడో చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"బోడి నెత్తి ఎడమ పక్కకి వచ్చేస్తుంది. వాగు కనపడదు. తూర్పు వాలంతా కిటికీకి ఎదురుగా ఉంటుంది. పొద్దున పూట ఎండ దాని మీదే పడుతుంది, గొర్రెలు అక్కడికే చేరతాయి కదా. చుక్కల్లా కనిపిస్తాయేమో." ఆయన వైపు తిరిగింది. "నువ్వు మాత్రం కనపడవు తాతా. చాలా దూరం."

ఐజాక్ ఆమె చెప్పిన కొండని తనలో నిలబెట్టుకోవాలని చూశాడు. నిలవలేదు. ఆయనకి ఎదురుగా ఉన్నదే ఉంది. అయినా అవతల ఒకటి ఉందనీ, అది ఈ పిల్లకి కనిపిస్తోందనీ ఆయనకి ఇప్పుడు ఎండ ఎంత నిజమో అంత నిజం.

"పొద్దున పూటే కదా" అన్నాడు. "ఆ వేళకి తూర్పు వాలు మీదే తిరుగుతుంటాలే."